మొదటి చిప్ప ఎవరికి?

ఆక్లాండ్ పక్కన మనుకావ్‌లో, పెద్దాయన దహనానికి ముందు జరిగిన సంతాప సభలో ఆ ఉదయం మైకు పట్టుకున్నవాళ్లందరూ ఒకే కథ చెప్పారు. ఫిజీలో సైన్యం గద్దెనెక్కిన రోజుల్లో, ఆ ప్రాంతాన్నంతా గుప్పిట్లో పెట్టుకున్న కమాండర్ ముందు నుంచి ఈ పెద్దాయన నడిచి వెళ్లిపోయిన కథ. చెప్పేవాళ్లను బట్టి అది పెరుగుతూ పోయింది. మొదటాయన చెప్పినప్పుడు కమాండర్ వెనక ఇద్దరు సైనికులు నిలబడి ఉన్నారు. ఆఖరాయన దగ్గరికి వచ్చేసరికి బడి చుట్టూ సైనిక లారీలు మోహరించాయి. పెద్దాయన బతికుంటే మధ్యలో లేచి, "ఒక ఫిరంగి గూడా పెట్టు నాయనా, బాగుంటాది" అనేవాడు.

కథ అబద్ధం కాదు. ఆయన నోటే విన్నాను. నాకు ఒళ్లు మండింది దేనికంటే, ఆ హాల్లో ఉన్న సగం మందికి ఇంకో కథ కూడా తెలుసు. అది వాళ్ల కళ్ల ముందే, మనురేవాలోనే జరిగింది. దాని గురించి ఒక్కరూ నోరు విప్పలేదు. చొక్కా మీద మరక కనబడకుండా కండువా సర్దినట్టు సర్దేశారు. నా లెక్కలో అది మరక కాదు. ఆయన చేసిన పనులన్నిటిలోకీ పెద్దది అదే. అందుకే ఇది రాస్తున్నాను.

పేరు మాత్రం రాయను. ఒకసారి ఇక్కడి రేడియో వాళ్లు ఆయన కథ వినడానికి వస్తే, "నా పేరు చెప్పుకుని మీరేం చేసుకుంటారు, కర్రపెండలం ఉడకేసినా, తినిపోండి" అని ప్లేట్లు చేతిలో పెట్టి పంపించేశాడు. ఆ మాట మీదే ఉంటాను.

చదువు పేరుతో ఆక్లాండ్ వచ్చిన కొత్తలో మనురేవాలో వాళ్లింట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఇల్లు కూతురిది. ఆమె నర్సు, తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడదు. గది ఇవ్వాలా వద్దా అన్నది తేల్చింది మాత్రం పెద్దాయనే. నేను వెళ్లేసరికి, లుంగీలాగా చుట్టుకునే సులూ కట్టుకుని, కాళ్లకు గమ్‌బూట్లు వేసుకుని బెండ మడిలో నిలబడి ఉన్నాడు. ఏ ఊరని ఇంగ్లిషులో అడిగాడు. నెల్లూరు అన్నాను. చేతిలో పార అక్కడే పడేశాడు.

"నెల్లూరా? నెల్లూరులో యాడ?"

ఆయన తాతమ్మ చెరకు కొట్టడానికి నెల్లూరు వైపు నుంచి ఓడెక్కి ఫిజీ వెళ్లిందట. ఈయన ఇండియా మొహమే చూడలేదు. ఆయన మనసులో నెల్లూరంటే ఒక్కటే వీధి, ఆ వీధిలో అందరూ చుట్టాలే. "మావాళ్లు ఎవరన్నా కనబడినారా నీకు ఆడ?" అని అడిగాడు. "మీవాళ్ల పేరేంటి తాతా?" అన్నాను. "పేరు తెలిస్తే నిన్నెందుకడుగుతా?" అని విసుక్కున్నాడు. గది దొరికింది. ఆ రోజు నుంచి నేను అమ్మణ్ణిని.

ఆయన తెలుగు నానమ్మ నోటి నుంచి వచ్చింది. అందులో వంటింటి మాటలున్నాయి, పొలం మాటలున్నాయి, తిట్లయితే నేను ఎన్నడూ విననివి కూడా ఉన్నాయి. మిగతావన్నీ ఫిజీ హిందీ. అంకెలు హిందీ, వారాలు హిందీ, కోర్టులూ బ్యాంకులూ ఇంగ్లిషు. నేను మాత్రం, "క్లాస్ అటెండ్ అయ్యి, ట్రైన్ మిస్ అయ్యి, లేట్‌గా రీచ్ అయ్యాను తాతా" అనేదాన్ని. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "తెలుగులో చెప్పమ్మణ్ణీ" అనేవాడు. రైస్ కుక్కర్‌లో నేను చేసిన అన్నం చూసి, నెల్లూరు పరువు తీశావని రెండు పూటలు దెప్పాడు.

కొన్ని అలవాట్లు నాకు మొదట అర్థం కాలేదు. కారు ఎప్పుడూ వెనక్కి నడిపి, ముక్కు రోడ్డు వైపు ఉండేలా పెట్టేవాడు. సూపర్‌మార్కెట్‌లో అయినా, గుడిలో అయినా అంతే. ఏ గదిలో కూర్చున్నా తలుపుకి ఎదురుగా కూర్చునేవాడు. హోటల్లో ఆ చోటు దొరక్కపోతే వేరే హోటల్‌కి పోదామనేవాడు. ముసలివాళ్ల చాదస్తం అనుకున్నాను. తర్వాత కారణం తెలిసి నోరు మూసుకున్నాను.

శనివారం మధ్యాహ్నం గ్యారేజీ తలుపు పైకి లేచేది. లోపల చాప, చాప మీద పొట్టి కాళ్ల చెక్క గంగాళం. అందులో ఒక వేరు పొడిని బట్టలో కట్టి నీళ్లల్లో పిసికి వడకడతారు. ఫిజీ భారతీయులు దాన్ని గ్రాగ్ అంటారు. బురదనీళ్లలాగా ఉంటుంది, తాగితే నాలుక మొద్దుబారుతుంది, మత్తెక్కదు గానీ మనిషి నిమ్మళిస్తాడు. కొబ్బరి చిప్పలో ముంచి ఒక్కొక్కరికీ అందిస్తారు. పెద్దాయన మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, సర్జన్‌లాగా చేతులు పైకెత్తుకుని వచ్చి కూర్చునేవాడు. ఆయన కలిపితే దానికొక రుచి ఉంటుందని, పక్క పేట పాపకూర నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్లు. ఆడవాళ్లు మామూలుగా ఆ చాప దగ్గరికి రారు. నాకు మాత్రం వాషింగ్ మెషిన్ పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు. ఎవరో నసిగితే, "ఆ పిల్ల మా ఊరిది" అన్నాడు. అంతటితో అయిపోయింది.

ఆ చాప మీద ఒకే ఒక్క రాజ్యాంగం ఉండేది. మొదటి చిప్ప అక్కడున్నవాళ్లలో పెద్దవాడికి ఇవ్వాలి. ఆయన ఒకసారి చప్పట్లు కొట్టి, చిప్ప అందుకుని, గుక్క తిప్పుకోకుండా తాగాలి. తాగాక అందరూ చప్పట్లు కొడతారు. ఎవరు మొదట తాగితే ఆ కూటానికి వాళ్లు పెద్ద. అది ఫిజీ ఆదివాసుల మర్యాద, చెరకు కూలీల పిల్లలు కూడా తరాలుగా ఆ మర్యాదే పాటించారు. ఆ పెద్దవాడు రావడం ఆలస్యమైతే గ్రాగ్ చల్లారిపోయేదేం కాదు కనుక అందరూ కూర్చుని ఎదురుచూస్తారు.

కమాండర్ ఆ మర్యాదతోనే ఆ ప్రాంతాన్ని పట్టుకున్నాడని పెద్దాయన చెప్పేవాడు. రాజధానిలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసిన తర్వాత వాళ్ల చెరకు ఊళ్లకు ఆ కమాండర్‌ని పంపారు. జనం తుపాకులు వస్తాయని తలుపులు వేసుకున్నారు. ఆయన మాత్రం ఊళ్లో ఒక పెళ్లికి అతిథిగా వచ్చాడు.

"ఎవరినీ కొట్టలా, గట్టిగా ఒక మాట అనలా," అనేవాడు పెద్దాయన. ఇక్కడ ఆయన లేచి కమాండర్‌ని అభినయించి చూపించేవాడు. బూట్లు చాప అంచున విప్పి, ముక్కులు బయటికి ఉండేలా జత కలిపి పెట్టడం. వెన్ను వంచకుండా కూర్చోవడం. తల కొంచెం దించి, ఎదుటివాడు చెప్పేది చివరిదాకా వినడం. "మంచి మిలిటరీ మనిషి, అబద్ధమెందుకు చెప్పాలా. ఎవురింట్లో ఏ బిడ్డ ఏం చదవతా ఉండాదో అంతా నోటికి వచ్చు. 'మీ రెండో అమ్మాయి పరీక్ష ఎట్టా రాసింది?' అని అడిగేవాడు. అట్టా అడిగితే సంతోషపడాలా? ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్రపట్టేది కాదు."

పెళ్లిలో ముఖ్య అతిథి కాబట్టి మొదటి చిప్ప ఆయనకే. తర్వాత పదిమంది కూడాలంటే ఆయన అనుమతి ఉండాలన్నారు. అనుమతి ఇచ్చిన ప్రతిచోటికీ ఆయనే వచ్చేవాడు, వచ్చిన ప్రతిచోటా మొదటి చిప్ప ఆయనకే. బస్సుల యజమానుల సంఘం, చెరకు రైతుల సంఘం, గుడి కమిటీ, ఒక్కొక్కటీ ఆయన ముందు చప్పట్లు కొట్టి చిప్ప అందించింది. ఆయన తాగి వెళ్లిన వారానికి ఆ సంఘంలో పాత పెద్దలు ఉండేవాళ్లు కాదు. "తుపాకీ బండిలోనే ఉండాది. చిప్పతోనే అంతా పనైపోయింది" అనేవాడు పెద్దాయన. సైన్యం అంటే నాకు అంతవరకూ టీవీలో కనబడే కవాతే. ఒక రాజ్యం చప్పట్లతో చేతులు మారుతుందని ఆ గ్యారేజీలోనే తెలుసుకున్నాను.

చివరికి బడి మిగిలింది. ఆ బడిని కట్టింది ఒక ఆదివాసీ హెడ్మాస్టరు. ఊళ్లో చెరకు కూలీల పిల్లలందరికీ అక్షరాలు దిద్దించినవాడు, రిటైరయ్యాక బడి కమిటీకి అధ్యక్షుడు. కమాండర్ ఆయన్ని తీసేసి తన మనిషిని పెట్టాడు. ఆ సంవత్సరం బడి పండగకి తానే ముఖ్య అతిథి. గ్రాగ్ కలపడానికి పెద్దాయన్ని పిలిచారు. అప్పటికి ఆయన చెరకు లారీ నడుపుతున్నాడు. పాత హెడ్మాస్టరు కూడా వచ్చాడు. ఎవరూ ముందుకు పిలవలేదు. వెనక, చెప్పులు విప్పేచోట కూర్చున్నాడు.

కలిపేవాడు ఒకడు, అందించేవాడు ఒకడు అన్నది ఆచారం. పెద్దాయన చిప్ప నింపాడు, అందించేవాడి చేతికి ఇవ్వలేదు. తనే లేచాడు. ముందు వరసలో కమాండర్ అందుకోవడానికి చప్పట్లు కొట్టబోతూ ఉన్నాడు. ఈయన ఆ పక్కనుంచి నడిచి, అన్ని వరసలూ దాటి, చెప్పుల దగ్గర కూర్చున్న మాస్టారి ముందు మోకాళ్ల మీద కూర్చుని మొదటి చిప్ప ఇచ్చాడు. మాస్టారు కాసేపు చిప్ప వైపు చూసి, చప్పట్లు కొట్టి, అందుకుని తాగాడు. ఆ తర్వాత చప్పట్లు కొట్టాల్సినవాళ్లలో ఎవరూ కొట్టలేదట, పిల్లలు మాత్రం కొట్టారట. వాళ్లకేం తెలుసు.

సైనికులు ఇంటికొచ్చి తీసుకెళ్లారు. బ్యారక్స్‌లో ఏం జరిగిందని అడిగితే, "గ్రౌండు చుట్టూ పరిగెత్తించినారు. అప్పుడు నాకు బొజ్జ ఉండేది. ప్రభుత్వ ఖర్చుతో కరగదీసినారు" అనేవాడు. అంతకుమించి ఎవరు అడిగినా చెప్పలేదు. కారు ముక్కు రోడ్డు వైపు, కుర్చీ తలుపు వైపు పెట్టుకునేది అప్పటి నుంచే.

కూతురు ఆయన్ని ఆక్లాండ్ తీసుకొచ్చేసింది. తర్వాత ఒకసారి, ఫిజీలోనే ఉండిపోయిన అక్కను చూసి వద్దామని విమానం ఎక్కితే అక్కడి ఎయిర్‌పోర్టులో ఆపేశారు. ఆయన్ని దేశంలోకి రానివ్వకూడదని పైనుంచి మాట. అదే విమానంలో తిప్పి పంపారు. బయట అక్క చేపల పులుసు వండుకుని, టాక్సీ మాట్లాడుకుని నిలబడి ఉంది. మధ్యలో ఒక గోడ. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేకపోయారు.

ఆ అక్కే ఆయన్ని పెంచింది. తల్లి పోయినప్పుడు ఈయన నడక నేర్చుకుంటున్నాడట. ఆదివారం ఉదయం ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇద్దరూ పోట్లాడుకునేవాళ్లు. వీధి మొత్తం వినబడేది. ఏ పాటలో ఏ చరణం ముందు, ఏ ఎద్దు ఎవర్ని పొడిచింది, నాయన చుట్ట ఎక్కడ దాచేవాడు, అన్నిటికీ తగాదాయే. ఆమె "నీకేం తెలుసురా, నువ్వు నా చంకలో ఉండావు అప్పుడు" అని ఫోన్ పెట్టేసేది. మళ్లీ ఆదివారం దాకా ఆయన ఆ తగాదాకి జవాబులు వెతుక్కునేవాడు.

నేను ఆ ఇంట్లో చేరిన రెండో ఏడు ఆమెకి మూత్రపిండాలు పాడయ్యాయి. మంచం పట్టింది. విమానం ఎక్కే స్థితి కాదు. ఆదివారం ఫోన్‌లో గొంతు చిన్నదైపోయింది. ఒక వారం ఆయన ఏదో తప్పు చెప్తే ఆమె దిద్దలేదు. ఫోన్ పెట్టేశాక ఆయన నా వైపు తిరిగాడు. "తిట్టలేదమ్మణ్ణీ" అన్నాడు.

అదే కాలంలో అక్కడ ఎన్నికలు జరిగాయి. యూనిఫాం వేసుకున్నవాళ్లు పూల చొక్కాలు వేసుకుని నాయకులయ్యారు. వాళ్ల రాకపోకల మీద పెట్టిన ఆంక్షలను న్యూజిలాండ్ ఎత్తేసింది. కమాండర్ ఆక్లాండ్ వస్తున్నాడని, మనురేవాలో మనవాళ్లని కలుస్తాడని తెలిసింది. ఆ ఏర్పాట్లన్నీ మా వీధి చివర డెయిరీ, అంటే ఇక్కడి చిల్లర కొట్టు, నడిపే ఫిజీ ఆయన చూస్తున్నాడు. ఆయనే ఒక సాయంత్రం పాలు, బ్రెడ్డు తెచ్చి బల్ల మీద పెట్టి, ఆ తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. కమాండర్ మిమ్మల్ని మరిచిపోలేదు కాకా, అన్నాడు హిందీలో. హాల్లో గ్రాగ్ మీరే కలపాలని కోరుతున్నాడు. మొదటి చిప్ప మీ చేత్తో, అందరి ముందూ ఆయనకిస్తే, ఎయిర్‌పోర్టులో ఆపేవాళ్ల జాబితాలో ఇక మీ పేరు ఉండదు.

ఆ శనివారం గ్యారేజీ నిండిపోయింది. అందరూ ఆయన తరఫున పౌరుషపడ్డారు. ఉమ్మేయండి కాకా, ఒకరు. పోలీసులకి చెప్దాం, ఇంకొకరు. వాళ్లలో ఎవరి అక్కా మంచం మీద లేదు. పెద్దాయన గ్రాగ్ పిసుకుతూ కూర్చున్నాడు. అందరూ పోయాక నేనూ ఊరుకోలేదు.

"ఇవ్వొద్దు తాతా. మీరు ఇస్తే, ఆ రోజు చేసినదానికి విలువేముంది?" అన్నాను.

ఆయన గంగాళం బోర్లించి, నా వైపు చూశాడు. "నువ్వు గూడా ఆ కథ కోసమే వస్తా ఉండావా ఈడికి?" అన్నాడు. 

హాలు కిటకిటలాడింది. కమాండర్ పూల చొక్కాలో వచ్చాడు. జుట్టు నెరిసింది, వెన్ను వంగలేదు. బూట్లు విప్పి, ముక్కులు బయటికి ఉండేలా జత కలిపి పెట్టాడు. గ్యారేజీలో ఎన్నోసార్లు అభినయంగా చూసినదాన్నే ఇప్పుడు అసలు మనిషి చేస్తున్నాడు. ఎదురొచ్చిన ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పలకరించాడు. పెద్దాయన కూతురిని, "నీ డ్యూటీలు ఎలా ఉన్నాయమ్మా?" అని ఇంగ్లిషులో అడిగాడు. ఆమె నవ్వి, నా చెయ్యి పట్టుకుంది. 

పెద్దాయన మోచేతుల దాకా కడుక్కుని వచ్చాడు. ఎప్పుడూ కలిపేంత శ్రద్ధగానే కలిపాడు. చిప్ప నింపాడు. అందించేవాడు చేతులు చాచాడు. ఈయన ఇవ్వలేదు, తనే లేచాడు.  అందరికీ ఆశ పుట్టింది. నిజం చెప్పాలంటే నాకూ పుట్టింది. మళ్లీ నడిచి వెళ్లిపోతాడనీ, వెనక వరసలో ఎవరో ఒకరికి ఇస్తాడనీ.

ఆయన తిన్నగా కమాండర్ ముందుకు వెళ్లి ఆగాడు. మోకాలు నొప్పి మనిషి. కూర్చోవాలంటే నేల మీద చెయ్యి ఆనించుకోవాలి, రెండు చేతుల్లోనూ చిప్ప ఉంది. కిందికి వంగుతూ తూలాడు. కమాండర్ చప్పున చెయ్యి చాచి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. పెద్దాయన అలాగే, సగం వంగి, ఆగిపోయాడు. కమాండర్ ఆ చెయ్యి తీసేదాకా కదల్లేదు. తీశాక తనంతట తాను మోకాళ్ల మీద కూర్చున్నాడు. చుక్క ఒలకలేదు. చిప్ప అందించాడు.

కమాండర్ చప్పట్లు కొట్టి, అందుకుని, గుక్క తిప్పుకోకుండా తాగాడు. హాలు చప్పట్లు కొట్టింది. ఖాళీ చిప్ప తిరిగిస్తూ కమాండర్ మెల్లగా, చాలా మర్యాదగా, హిందీలో అడిగాడు. "మీ అక్కయ్యకి ఎలా ఉంది?"

పెద్దాయన గొంతు మాత్రం హాలు చివరిదాకా వినబడింది. "నన్నడిగితే నాకేం తెలుసు సాబ్? చూసి ఏళ్లయింది. పోయి చూసొచ్చి చెప్తా."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అందరూ కమాండర్ వైపు చూశారు. ఆయన కాసేపు తల దించుకుని, చివరిదాకా వినేవాడిలాగే కూర్చుని, తర్వాత, "పోయి రండి" అన్నాడు. ఆ మాట హాలంతా విన్నది. డెయిరీ ఆయన ఫోటో తీసుకున్నాడు. మరుసటి వారానికే అది ఆ షాపులో ఐస్‌క్రీమ్ ఫ్రిజ్ పైన వేలాడింది.

ఇంటికి వస్తుంటే కారు నేనే డ్రైవ్ చేశాను. కూతురు వెనక సీట్లో ఏడుస్తోంది. నేను ఉక్రోషం పట్టలేక, ఎలా ఇవ్వగలిగారు తాతా, అని అడిగేశాను.

"బళ్లో చేసింది కష్టం కాదమ్మణ్ణీ," అన్నాడు. "కోపంలో ఉండా. కోపంలో కాళ్లు అవంతట అవే పోతాయి. ఈ పొద్దు ఒక్కో అడుగూ నేను చెప్పి నడిపించాల్సొచ్చింది."

ఆ మాట నేను చాలా ఏళ్లు నమిలాను. మొదటిసారి ఆయన పణంగా పెట్టింది ఒంటిని. రెండోసారి పెట్టింది పేరును. ఇన్నేళ్లుగా ఆ పేరే ఆయనకు మిగిలిన ఆస్తి, గ్యారేజీకి మనుషుల్ని రప్పించింది అదే. అక్క మొహం చూడటానికి దాన్ని హాలు మధ్యలో అందరూ చూస్తుండగా ఖర్చుపెట్టాడు. బేరం తెలిసే పెట్టాడు.

ఖర్చు నిజంగానే అయింది. తర్వాతి శనివారం గ్యారేజీ తలుపు లేచింది, ఎవరూ రాలేదు. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, కలిపి, రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ వీధిలోంచే పోతూ చెయ్యి ఊపకుండా వెళ్లిన కార్లు నేను చూశాను. ఆ కార్లలో ఉన్నవాళ్లే మొన్న మైకు ముందు కళ్లు తుడుచుకున్నారు.

ఆయన ఫిజీ వెళ్లాడు. ఎవరూ ఆపలేదు. నాలుగు వారాలుండి, గుండుతో తిరిగొచ్చాడు. తమ్ముడి చేతుల్లోనే పోయిందని కూతురు చెప్పింది.  మర్నాడు ఆయన బెండ మడిలో చేరాడు. నేనూ వెళ్లి ముదురు కాయలు కోయడం మొదలుపెట్టాను. తల ఎత్తకుండానే ఆయన చెప్పసాగాడు.

"ఎట్టా రానిచ్చినార్రా నిన్ను, అని అడిగింది అక్క. ఏదో ఒకటి కల్పించి చెప్పాలనే పోయినా. విమానంలో అంతా అదే అనుకుంటా పోయినా. ఆమె మొగం చూస్తే నోరు రాలా. వాడికి మొదటి చిప్ప ఇచ్చినానక్కా అని చెప్పేసినా. గోడవైపు తిరిగి పండుకుంది. ఆ పొద్దంతా పలకలా. నీళ్లు ఇస్తే తాగలా. ఇంత చేసొచ్చి, మాట్లాడకుండా పోతాదేమోనని నాకు కాళ్లూ చేతులూ ఆడలా."

ఒక కాయ కోసి, చూసి, బుట్టలో వేశాడు.

"తెల్లారినాక ఇటు తిరిగింది. వాడు తాగినాడా, అనింది. తాగినాడన్నా. మొత్తమూ తాగినాడా, అనింది. మొత్తం తాగినాడన్నా. నీ చేతి నీళ్లు తాగేదానికి సముద్రం దాటి నీ కాడికి వచ్చినాడా, అనింది. వచ్చినాడక్కా అన్నా. 'అయితే ఇంకేందిరా! అడుక్కున్నది వాడు. నువ్వు బిచ్చమేసినావు' అని నవ్వింది. ఆ నవ్వుకి దగ్గొచ్చి, ఇంకా నవ్వింది. అన్నం పెట్టించుకుని తినింది ఆ పూట."

నేను కూడా నవ్వాను. ఆమె అన్నది నిజమే కదా తాతా, అన్నాను. నిజంగానే నాకు అది గొప్పగా తోచింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నిజం కాదమ్మణ్ణీ. ఇచ్చింది నేనే, మోకాళ్ల మీద కూర్చోని ఇచ్చినా. ఆమెకి తెలుసు. చిన్నప్పుడు నేనేదన్నా పాడు చేస్తే మా నాయన చెరుకు గడ తీసుకుని మీదికొచ్చేవాడు. అక్క మధ్యలోకి దూరి, 'వాడు కాదు నాయనా, నేను చేసినా' అనేది. చేసింది నేనేనని నాయనకీ తెలుసు. అయినా ఆ దెబ్బ ఆమె మీదే పడేది." పెద్దాయన అక్కడే మట్టిలో కూలబడ్డాడు.  "మంచం మీద లేచి కూర్చోలేని మనిషి. మొన్న గూడా లేచి అడ్డమొచ్చింది."